మన వానలకు స్పోర్ట్స్ కారు టైర్లు

విజయనగరంలో రెండు సీట్ల కారు పెట్టుకుని ఏం చేస్తావని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. 2009లో వచ్చిన తరం బీఎండబ్ల్యూ జెడ్4 అది, హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్, ఆ బలమంతా వెనక చక్రాలకే. ముచ్చటపడి కొన్నాను, దానికి వాదనలు అక్కర్లేదు. టైర్లకు మాత్రం వాదన కావాలి. నాలుగూ మార్చాలంటే దాదాపు లక్ష రూపాయల మాట. పైగా సలహా చెప్పనివాడు పాపాత్ముడు అన్నట్టుంటుంది వ్యవహారం.

ఆ సలహాలు ఎక్కణ్నుంచి వస్తాయో తెలిసిందే. జర్మనీలోనో ఇంగ్లాండులోనో నున్నటి ట్రాక్ మీద ఎవరో కారు తిప్పి, ఈ టైరు ఆ టైరు కంటే అర సెకను ముందొచ్చిందని వీడియో పెడతారు. అది చూసి ఇక్కడ మనం మెడకాయ మీద తలకాయ ఉందన్న సంగతి మరిచిపోతాం. పొడి రోడ్డు మీద ఏ మంచి కంపెనీ పెర్ఫార్మెన్స్ టైరుకైనా ఉన్న పట్టు, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద బాధ్యతగా నడిపే ఎవరికీ పూర్తిగా అవసరం పడదు. ఆ పట్టు హద్దు దాకా వెళ్లారంటే తప్పు టైరుది కాదు, కాలిది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో టైరుకి అసలు పరీక్ష వాన పెడుతుంది. అందుకే ఇక్కడ టైరుని వాన చూసి కొనాలంటాను. పరిమాణం, తయారైన తేదీ, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాటా మామూలుదా, గాలెంత అనేవన్నీ చివరికి ఆ మాట దగ్గరికే వస్తాయి.

మనకి వాన ఒక్క రుతువుతో పోదు. జూన్‌లో మొదలైన నైరుతి సెప్టెంబరులో సర్దుకుంటుందో లేదో, వెనకాలే తుపాన్ల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తుపాను రోజున ఎవరూ సరదాగా కారు తియ్యరు, అది వేరే సంగతి. ఆ తరవాత వారం పది రోజులు రోడ్డు మీద నిలిచిపోయే నీళ్లతోనే పేచీ. హైవేలో డివైడర్ పక్కన ఉండే లేన్‌లో, వంపు తిరిగే చోట, నీళ్లు పోయే దారి లేక అంగుళం లోతున నిలబడతాయి. రాత్రిపూట ఎదురు లైట్లలో అది కనిపించదు. రణస్థలం దాటాక కుడి చక్రాలు రెండూ అలాంటి నీళ్లలోకి దిగినప్పుడు స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ తేలిక తెలిసినవాళ్లకు తరవాత నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

దీన్నే ఆక్వాప్లేనింగ్ అంటారు. టైరు ముందున్న నీళ్లని గాడుల్లోంచి పక్కకి తోసెయ్యాలి. తోసే వేగం చాలకపోతే టైరు నీళ్లమీద తేలుతుంది. అప్పుడు బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా రోడ్డుకి ఆ సంగతి చేరదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో విమానాల టైర్ల మీద పరీక్షలు చేసి 1960ల్లో తేల్చిన ఒక సూత్రం ఉంది: టైరులో గాలి పీఎస్ఐలో ఎంతుందో దాని వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే, నిలిచిన నీళ్లలో టైరు తేలే వేగం కిలోమీటర్లలో వస్తుంది. 36 పీఎస్ఐ ఉంటే గంటకి 100. 25కి దిగిపోతే 83. కారు టైరుకి ఇది అచ్చంగా వర్తించదు. గాడులు లోతుగా ఉంటే ఇంకాస్త ఆగుతుంది, అరిగిపోతే, వెడల్పు ఎక్కువైతే ముందే తేలుతుంది. కానీ మనం హైవే మీద వెళ్లే వేగాలు సరిగ్గా ఈ అంకెల మధ్యే ఉన్నాయన్నది గమనించండి. మూడు వందల కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని రాసి ఉన్న టైరు, గాలి తగ్గి గాడి అరిగితే ఎనభైకే చేతులెత్తేస్తుంది.

వెడల్పు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నా కారుకి ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు ఎంత శాతమో, మూడోది రిమ్ము అంగుళాలు. అంటే ముందు టైరు సైడ్‌వాల్ 90 మిల్లీమీటర్లు. "పందొమ్మిది అంగుళాలెయ్యి గురూ, లుక్కే మారిపోద్ది" అన్న స్నేహితుడి మాట విని 225/35 ఆర్19కి వెళ్తే ఆ 90 కాస్తా 79 అవుతుంది. ఊరు మొదట్లో ఒకటి, రామమందిరం దగ్గర ఒకటి, స్కూలు దగ్గర జంటగా రెండు స్పీడ్ బ్రేకర్లున్న మన రోడ్ల మీద ఆ 11 మిల్లీమీటర్లే రిమ్ముకీ గుంటకీ మధ్య ఉన్న మెత్తదనం. నన్నడిగితే వెనక్కి, 17 అంగుళాలకి వెళ్లడం తెలివైన పని. 225/45 ఆర్17లో సైడ్‌వాల్ 101 మిల్లీమీటర్లు, చక్రం మొత్తం వ్యాసం దాదాపు అంతే ఉంటుంది, మన దేశంలో ఆ సైజు దొరకడమూ సులువే. రిమ్ము లోపల బ్రేకు డిస్కుని పట్టి నొక్కే క్యాలిపర్ పడుతుందో లేదో చూసుకోవాలంతే. నేను చెయ్యలేదు, ఎందుకంటే ఉన్న రిమ్ములు బాగున్నాయి, కొత్త రిమ్ముల ఖర్చు దండగనిపించింది.

ఇప్పుడు టైరు గోడ మీద రాతలు. ట్రెడ్‌వేర్ 300, ట్రాక్షన్ ఏఏ, టెంపరేచర్ ఏ అని ఉంటుంది చూడండి, అది అమెరికా ప్రభుత్వం పెట్టించిన గ్రేడింగ్. ట్రెడ్‌వేర్ అంకె ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా అరుగుతుందని అర్థం. కాకపోతే ఆ అంకె వేసుకునేది కంపెనీయే, కాబట్టి ఒక కంపెనీ 300నీ ఇంకో కంపెనీ 400నీ పక్కపక్కన పెట్టి తూకం వెయ్యడం వృథా. ట్రాక్షన్ గ్రేడు తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేసి కొలుస్తారు. మలుపులో ఎలా ఉంటుందో, నిలిచిన నీళ్లలో ఎలా ఉంటుందో అది చెప్పదు. యూరప్ లేబుల్‌లో తడి పట్టుకి ఏ నుంచి ఈ దాకా అక్షరాలు వేస్తారు, కొనే ముందు నేను ఎక్కువగా చూసేది అదే. అదైనా కొత్త టైరు మీద చేసిన కొలతే. కొత్తలో ఏడెనిమిది మిల్లీమీటర్లుండే గాడి మూడుకి వచ్చేసరికి తడిలో పట్టు బాగా పడిపోతుంది. మన చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకుంది కదా అని శ్రావణంలో 1.6తో హైవే ఎక్కేవాడికి నేనేం చెప్పను. నా మట్టుకు నేను మూడు దగ్గర టైరు తీసేస్తాను, పొదుపు అనే మాట అక్కడ ఎత్తను.

ట్రాక్ కోసం చేసిన సెమీ స్లిక్ టైర్లు, మిషెలాన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 లాంటివి, చూడ్డానికి ఎంతో ఊరిస్తాయి. గాడి తక్కువ, రబ్బరు ఎక్కువ. పొడి తారు మీద అవి పట్టిన పట్టు మామూలు టైరు పట్టదు. అక్టోబరులో టెక్కలి దగ్గర వాటితో వాన తగిలితే మాత్రం కారు పక్కన ఆపుకుని టీ తాగడం మేలు. ఆల్ సీజన్ టైర్లు కూడా మనకి అక్కర్లేదు. అవి మంచు పడే దేశాల కోసం రాజీ పడి చేసినవి. ఏడు డిగ్రీల కిందకి చలి దిగే చోట సమ్మర్ టైరు గట్టిపడుతుందన్నది నిజమే, కానీ ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా మన మైదానంలో ఆ చలి ఎక్కడిది?

టైర్ల పరీక్షల్లో ఎవరూ పెట్టని రెండు రోడ్లు మాత్రం మన దగ్గరున్నాయి. ఒకటి ఉభాల రోజుల్లోది, అంటే వరినాట్లప్పటిది. దమ్ము చేసిన ట్రాక్టర్ ఇనప చక్రాలతో పొలంలోంచి రోడ్డెక్కిందంటే ఫర్లాంగు మేర బురద పరిచేసి పోతుంది. దాని మీద చిన్న చినుకు పడితే చాలు. రెండోది కోతలయ్యాక చోళ్లు, ఉలవలు తారు రోడ్డు మీద ఎండబెట్టడం. సగం రోడ్డు వాళ్లది, సగం మనది. ఎండిన గింజల మీద బ్రేకు వేస్తే ఎంత ఖరీదైన రబ్బరైనా దొర్లడమే. అక్కడ టైరు పనికి రాదు, ఓర్పే పనికొస్తుంది. గింజల మీదనుంచి పోవద్దు, పోవాల్సి వస్తే రెండో గేరులో నెమ్మదిగా పోండి, ఆ పంట మనిషి తిట్టకుండా ఉంటే అదృష్టం.

రన్‌ఫ్లాట్ సంగతికి వద్దాం. అసలు గొడవంతా ఇక్కడే. ఈ కారుకి స్టెప్నీ లేదు. కంపెనీ రన్‌ఫ్లాట్ టైర్లు వేసి ఇచ్చింది. గాలి మొత్తం పోయినా గట్టి సైడ్‌వాల్ మీద గంటకి 80 మించకుండా సుమారు 80 కిలోమీటర్లు పోవచ్చు. ఎలాంటి రాత్రయినా పలాస దగ్గర పంక్చరైతే శ్రీకాకుళం దాకా వచ్చేయొచ్చని అర్థం. ఆ ధైర్యం చిన్నది కాదు. ఒంటరిగా సాలూరు దాటి ఒడిశా ఘాట్ ఎక్కే అలవాటున్నవాళ్లు రన్‌ఫ్లాట్‌నే ఉంచుకోండి, ఈ పేరా మిగతాది మీకు కాదు.

మిగిలినవాళ్లకు నా లెక్క వేరు. రన్‌ఫ్లాట్ బరువెక్కువ, ఖరీదెక్కువ, సైడ్‌వాల్ గట్టిది కాబట్టి గుంట తగిలిన దెబ్బని తను మింగకుండా రిమ్ముకీ నడుముకీ పంపిస్తుంది. తడి రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నచోట చక్రం గెంతుతుంది. గెంతిన చక్రానికి పట్టెక్కడిది? ఒకసారి గాలి లేకుండా నడిపాక లోపలి గోడ ఎంత దెబ్బతిందో పైకి కనిపించదు కాబట్టి చాలామంది బాగుచెయ్యం అంటారు, కొత్తది కొనాలి. పైగా మన ఊళ్లలో ఉండే మెషిన్ మీద ఆ గట్టి టైరుని రిమ్ము నుంచి విడదీస్తుంటే చూడలేం. ఇద్దరు మనుషులు, రెండు రాడ్లు, రిమ్ము అంచున గీత. అందుకే మామూలు టైర్లకి మారాను. 2020లో మోటారు వాహనాల నిబంధనలు సవరించినప్పుడు, ట్యూబ్‌లెస్ టైర్లూ, గాలి తగ్గితే చెప్పే వ్యవస్థా, పంక్చర్ కిట్టూ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. ఆ లెక్కే పట్టుకుని డిక్కీలో ఒక చిన్న కంప్రెసర్, సీలెంటు సీసా, పురికొస లాంటి రబ్బరు స్ట్రిప్పులు, వాటిని గుచ్చే సూది పెట్టుకున్నాను. మేకు గుచ్చుకుంటే వీటితో గట్టెక్కొచ్చు. సైడ్‌వాల్ చిరిగితే మాత్రం వీటితో ఏమీ కాదు, ఫోను తీసి టోయింగ్ వాళ్లని పిలవాల్సిందే. ఆ నష్టం తెలిసే ఒప్పుకున్నాను.

దొరకడం ఇంకో తంటా. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి తీసి లైసెన్సు ఉండాలన్న జాబితాలో పెట్టింది. ఇక్కడి తయారీని పెంచడానికని చెప్పారు. మామూలు కార్ల సైజులకి దానితో ఇబ్బంది లేదు. మా లాంటి వంకర సైజులకి మాత్రం ముందు టైరు ఉంటే వెనకది ఉండదు, రెండూ ఉంటే ఒకే మోడల్ కావు. అచ్యుతాపురంలో జపాన్ కంపెనీ యోకోహామా వాళ్లకి పెద్ద టైర్ల ఫ్యాక్టరీ ఉంది, ఇంటికి రెండు మూడు గంటల దారి. దాన్ని పెట్టింది మాత్రం పొలాల్లోనూ గనుల్లోనూ తిరిగే బండ్ల టైర్ల కోసం. కడుపు నిండా నవ్వుకోవచ్చు.

దొరకని సరుకు ఉన్నచోట పాత సరుకు కొత్త ధరకి అమ్ముడవుతుంది. విశాఖలో ఒక షాపుకి వెళ్లాను, పేరు అక్కర్లేదు. నాలుగు టైర్లు ముందే తెచ్చి గోడకి ఆనించి ఉంచారు, నల్లగా నిగనిగలాడుతున్నాయి. తయారీ తేదీ చూపించమన్నాను. "కొత్త స్టాకే సార్, కవరు కూడా తియ్యలేదు" అన్నాడు కుర్రాడు. తేదీ ఉండేది డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర, చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. చాలా టైర్లకి ఈ నాలుగంకెలు ఒక వైపు గోడ మీదే ఉంటాయి, రెండో వైపు సగం కోడే ఉంటుంది. ఆ షాపులో నాలుగు టైర్లూ తేదీ లేని వైపే బయటకి పెట్టి ఉన్నాయి. కాకతాళీయం అనుకుందాం. తిప్పి చూస్తే ముందువి రెండు బాగానే ఉన్నాయి, వెనకవి రెండూ నాలుగేళ్లు దాటినవి. నీడలో సరిగ్గా దాస్తే టైరు అంత తొందరగా పాడవదని అతను వాదించాడు, అందులో కొంత నిజముంది. కానీ మే నెలలో రేకుల షెడ్డు కింద విశాఖ ఉక్కలో ఎలా దాచారో నేను చూడలేదు కదా. వేడికీ, గాలికీ రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడ్డ రబ్బరు ముందు వదులుకునేది తడి పట్టునే. దండం పెట్టి వచ్చేశాను. మీరు వేలితో తడిమి చదువుకోండి. ఒకసారి బిగించాక, లోపలి సగం ఒకలా బయటి సగం ఒకలా ఉండి, బయటి వైపు అని రాసి ఉండే అసిమెట్రిక్ టైర్లలో తేదీ లోపలి వైపుకి పోయిందంటే కారు కింద పడుకుంటే తప్ప కనిపించదు.

చివరికి వేరేచోట ఆర్డరిచ్చి మిషెలాన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్ తెప్పించాను. 2017లో వచ్చిన మోడల్, కొత్తదేం కాదు. ట్రెడ్‌వేర్ 300, ట్రాక్షన్ ఏఏ. నా రెండు సైజులూ ఒకే మోడల్‌లో, దగ్గరి తేదీలతో దొరికాయి. ఇంకో కంపెనీది అలా దొరికి ఉంటే అదే కొనేవాణ్ని, బ్రాండు మీద మోజు లేదు. ముందు ఒక రకం, వెనక ఒక రకం వెయ్యనని మాత్రం పట్టుబట్టాను. వెనక చక్రాలు తోసే కారులో ముందు టైర్లు వానలో గట్టిగా పట్టుకుని వెనకవి జారితే బండి బొంగరమవుతుంది. "రెండు మారిస్తే సరిపోద్ది కదా" అంటే సరిపోతుంది, కొత్తవి వెనక్కి వేస్తే. చాలా షాపుల్లో కొత్తవి ముందుకి వేసేస్తారు. నా కారులో ఆ గొడవ లేదు, ముందు సైజు వెనక పట్టదు.

వై అనే స్పీడ్ రేటింగ్ ఉన్నవి ఎందుకు, మనమేమన్నా మూడు వందల్లో పోతామా, వి రేటింగ్‌తో 240 చాలదా అని మా బావ అడిగాడు. చాలుతుంది, వేగం ఒక్కటే లెక్కయితే. కానీ ఆ అక్షరం టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. ఆ అక్షరం పక్కనే, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ ఇండెక్స్ ఉంటుంది: 92 అంటే టైరుకి 630 కేజీలు, 94 అంటే 670. కారు చేసినవాళ్లు చెప్పినదానికంటే ఇవి రెండూ తగ్గించకూడదు, ప్రమాదం జరిగితే బీమా వాళ్లు వెతికేవీ ఇవే. బావకి ఇది చెబితే, "అయితే రీట్రేడింగ్ చేయించు, మా సాలూరులో లారీలకి అదేగా" అన్నాడు. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేయించడమన్నమాట. సాలూరు లారీ యజమానులకి టైరు గురించి తెలిసినంత నాకు జన్మలో తెలియదు. ఏ టైరు ఏ ఇరుసుకి వెయ్యాలో వాళ్లు చూపుతోనే చెబుతారు. కానీ లారీ వెనక ఇరుసు మీద జంటగా తిరిగే టైరుకి రీట్రేడింగ్ సరే, ఇలాంటి కారుకి ఆ మాటే ఎత్తకూడదు.

బిగించేటప్పుడు మీరు అక్కడే నిలబడండి. కాఫీకి పోవద్దు. బయటి వైపు అన్న రాత బయటికే ఉందా, బోల్టులు ఎయిర్ గన్‌తో పిండేస్తున్నారా లేక చివర్లో బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచి పెడుతున్నారా, చూడాలి. చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి. నా పాత వెనక టైర్లు పైనుంచి చూస్తే ఇంకో ఏడాది వస్తాయనిపించేవి. చెయ్యి లోపలికి పోనిచ్చి లోపలి అంచు తడిమితే గాడి అన్నదే తగల్లేదు, వేలికి సన్నటి తీగల గరుకు తగిలింది. ఈ కార్లలో వెనక చక్రాలు పైన కాస్త లోపలికి వంగి ఉంటాయి, అందుకే లోపలి అంచు ముందు అరుగుతుంది. చూసి సరిపెట్టుకోకండి, నెలకోసారి తడమండి.

ఇక గాలి. లక్ష పెట్టి టైర్లు కొని గాలి దగ్గర అదృష్టానికి వదిలేసేవాళ్లని చాలామందిని చూశాను. మా వీధి చివర పంక్చర్ షాపు పెద్దాయన పైపు పట్టుకుని, "ఏటి బాబూ, అన్నిటికీ ముప్పయ్యైదెట్టీమంటారా?" అంటాడు. ఆయన తప్పు లేదు, అందరూ ఊఁ అంటారు. డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీద ముందుకెంత, వెనక్కెంత అని వేరువేరుగా ఉంటుంది. అది చల్లటి టైరుకి. విశాఖ నుంచి ఎండలో వచ్చి అప్పుడే చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. పది డిగ్రీల తేడాకి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. వేడి మీద ఎక్కువుందని తీసేస్తే, తెల్లారేసరికి తక్కువైపోతుంది, ఆ రోజే వాన పడుతుంది. కాబట్టి సొంత గేజి కొనుక్కుని పొద్దున్నే చూసుకోండి. నైట్రోజన్ గురించి టెన్షన్ అక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఊరికే నింపుతామంటే నింపించుకోండి, డబ్బులడిగితే వద్దనండి.

ఈ కారుకి వెనకవి ముందుగా అరుగుతాయి, ముందూ వెనకా మార్చుకోవడానికి సైజులు కుదరవు. అంటే వచ్చేసారి రెండే కొనాలి, అదీ ఇదే మోడల్‌లో. అప్పటికి ఈ మోడల్ ఇక్కడ దొరక్కపోతే, ముందువి బాగానే ఉన్నా తీసేసి నాలుగూ మారుస్తాను. తీసిన రెండింటినీ ఏ స్కోడా ఆక్టావియా కారు వాళ్లకో అమ్ముతాను, తేదీ ఉన్న వైపు బయటకి పెట్టి.